కాల్చివేయమన్న ఉత్తరాలు

దేశచరిత్ర రచనకు శాసనాలు, ప్రభుత్వ పత్రాలు, సంధిపత్రాలు ముఖ్యమైన ఆధారాలు. ఏ సంవత్సరంలో ఏ యుద్ధం జరిగింది, ఏ ఒప్పందంపై ఎవరు సంతకం చేశారు అనే విషయాలను అవి స్పష్టంగా తెలియజేస్తాయి. అయితే ఆ యుద్ధకాలంలో ఒక ఇల్లాలు తన సంసారాన్ని ఎలా నడుపుకొచ్చింది, అంగడిలో గుండుసూదుల ధర ఎంత పెరిగింది, ఊరిలో అంటువ్యాధి వ్యాపించినప్పుడు ఎవరు ఎవరికి సేవ చేశారు అనే ప్రశ్నలకు అవి సమాధానం చెప్పవు. అటువంటి సమాధానాలు దొరికేది ఇంటి పెట్టెలలో దాచిన ఉత్తరాలలో, దినచర్యలలో, జమాఖర్చుల పుస్తకాలలో. వీటినే చరిత్రకారులు కుటుంబ పత్రాలు అంటారు.

కుటుంబ పత్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. ప్రభుత్వ పత్రాలను భద్రపరచడానికి అధికారులు, కార్యాలయాలు ఉంటాయి. ఇంటి ఉత్తరాలను కాపాడే బాధ్యత మాత్రం ఇంటివారిదే. ఒక మనిషి దాచితే అవి నిలుస్తాయి; ఒక మనిషి పొయ్యిలో వేస్తే బూడిద అవుతాయి. అమెరికా దేశం బ్రిటిష్ వలసగా ఉన్న చివరి రోజులనుండి స్వతంత్ర రాజ్యంగా స్థిరపడిన కాలం వరకు సాగిన ఆడమ్స్ కుటుంబ పత్రాల కథ ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

అట్లాంటిక్ మహాసముద్రపు పడమటి తీరంలో 18వ శతాబ్దిలో 13 బ్రిటిష్ వలసలు ఉండేవి. వాటిలో మసాచుసెట్స్ ఒకటి. దాని ముఖ్యపట్టణం బోస్టన్. బోస్టన్‌కు దక్షిణంగా ఉన్న బ్రెయిన్‌ట్రీ అనే ఊరిలో జాన్ ఆడమ్స్ అనే న్యాయవాది ఉండేవాడు. 1764వ సంవత్సరంలో ఆయన పొరుగున ఉన్న వేమత్ గ్రామ మతాచార్యుని కుమార్తె అబిగైల్ స్మిత్‌ను వివాహం చేసుకున్నాడు. అబిగైల్ ఏ పాఠశాలలోనూ చదువుకోలేదు. ఆ కాలంలో ఆడపిల్లలకు అటువంటి అవకాశం చాలా అరుదు. తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలే ఆమెకు గురువులు. తన అక్షరదోషాలను గురించి, విరామచిహ్నాలు సరిగా లేని తన రాతను గురించి ఆమె జీవితాంతం సంకోచపడుతూనే ఉంది.

పన్నుల విషయంలో బ్రిటిష్ పార్లమెంటుకు, వలసలకు మధ్య వివాదం ముదిరింది. దీనిని చర్చించడానికి 1774లో వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియా నగరంలో సమావేశమయ్యారు. ఆ సభకు మసాచుసెట్స్ పంపిన ప్రతినిధులలో జాన్ ఆడమ్స్ ఒకడు. బ్రెయిన్‌ట్రీకి, ఫిలడెల్ఫియాకు మధ్య దూరం సుమారు 300 మైళ్లు. ఇంటివద్ద అబిగైల్, నలుగురు చిన్నపిల్లలు, పొలం, పశువులు, పాలేర్లు. ఇక భార్యాభర్తల మాటలన్నీ కాగితం మీదనే సాగవలసి వచ్చింది. వారిద్దరూ ఒకరికొకరు రాసుకున్న లేఖలలో 1,100కు పైగా నేటికీ నిలిచి ఉన్నాయి.

నాటి ఉత్తరం నేటి ఉత్తరం వంటిది కాదు. చిరిగిన నారబట్టల పేలికలను నానబెట్టి, గుజ్జుచేసి తయారుచేసిన దళసరి కాగితం. పెద్దబాతు ఈకను చెక్కి చేసిన కలం. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి కాచిన సిరా - ఇవే నాటి లేఖన సాధనాలు. కవర్లు వాడుకలో లేవు. రాసిన కాగితాన్నే మడతలు పెట్టి, పైభాగాన చిరునామా రాసి, లక్కతో ముద్ర వేసేవారు. పేలికల కాగితం ఎంతో గట్టిది. తరువాతి కాలంలో కలప గుజ్జుతో చేసిన చౌక కాగితాలు వంద సంవత్సరాలకే పసుపుపచ్చగా మారి పొడిపొడి అవుతుండగా, రెండున్నర శతాబ్దాలనాటి ఈ లేఖలు నేటికీ చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి. సిరాలోని ఇనుపధాతువు మాత్రం కొన్నిచోట్ల కాగితాన్ని మెల్లగా తినివేసింది.

ఆ లేఖల విలువను మొదట గుర్తించినవాడు జాన్ ఆడమ్సే. 1774 జూలైలోనే ఆయన తన లేఖలను భద్రంగా దాచమని భార్యకు రాశాడు. కలతలతో, ప్రమాదాలతో నిండిన తమ కాలంలోని ఆచారాలు, అభిప్రాయాలు ఎటువంటివో రాబోయే తరాలకు ఈ ఉత్తరాలు చూపగలవని ఆయన నమ్మకం. 1776 జూన్‌లో ఆయన ఒక పెద్ద పుస్తకం కొని, రాసిన ప్రతి లేఖకూ అందులో నకలు ఉంచుకోవడం ప్రారంభించాడు. భార్యను కూడా అలాగే చేయమని కోరాడు.

అబిగైల్ ఆలోచన ఇందుకు భిన్నమైనది. భర్త లేఖలను ఆమె ప్రాణప్రదంగా దాచింది. తన లేఖలను మాత్రం కాల్చివేయమని ఆయనను పలుమార్లు వేడుకొంది. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, తన చదువును గురించిన సంకోచం. రెండవది, భయం. ఆ భయం నిరాధారమైనది కాదు. 1775 జూలైలో జాన్ ఆడమ్స్ పంపిన రెండు ఉత్తరాలు దారిలో బ్రిటిష్ వారి చేతికి చిక్కి, బోస్టన్‌లోని పత్రికలో అచ్చయ్యాయి. వాటిలో ఒకటి అబిగైల్‌కు రాసినదే. మనసు విప్పి రాసుకున్న మాటలను శత్రువులు బజారులో పెట్టి నవ్వుకున్నారు. అయినా భార్య కోరికను జాన్ మన్నించలేదు. ఆమె ఉత్తరాలను కాల్చాలంటే ముందుగా ఆమెనే మరచిపోవలసి ఉంటుందన్న భావంతో జవాబు రాశాడు. ఆ ఒక్క నిరాకరణ వల్ల ఆ లేఖలు మిగిలాయి.

అలా మిగిలిన లేఖలలో ఏమున్నదో తెలుసుకుంటే ఆ నిరాకరణ విలువ అర్థమవుతుంది. 1775 జూన్ 17న బోస్టన్ సమీపంలో బంకర్ హిల్ యుద్ధం జరిగింది. ఏడేళ్ల కుమారుడు జాన్ క్విన్సీ చేయి పట్టుకొని అబిగైల్ తమ ఇంటి దగ్గరి కొండ ఎక్కింది. దూరాన చార్ల్స్‌టౌన్ పట్టణం మంటలలో కాలిపోవడం ఆ తల్లీకొడుకులు కన్నులారా చూశారు. కుటుంబ మిత్రుడు, వైద్యుడు అయిన జోసెఫ్ వారెన్ ఆ యుద్ధంలో మరణించాడు. మరునాడు ఆమె భర్తకు రాసిన లేఖ ఆ దుఃఖానికి అక్షరరూపం. ఆ శరత్కాలంలోనే ఊరంతా రక్తవిరేచనాల వ్యాధి వ్యాపించింది. అబిగైల్ తల్లి మరణించింది. ఇంట్లో పనిచేసే బాలిక మరణించింది. చిన్నకుమారుడు మృత్యుముఖం నుండి బయటపడ్డాడు. యుద్ధంలో చనిపోయినవారి లెక్కలు సైనిక పత్రాలలో దొరుకుతాయి. ఈ మరణాలు మాత్రం ఒక గృహిణి ఉత్తరాలలోనే కనిపిస్తాయి.

1776 మార్చి 31న ఆమె రాసిన ఉత్తరం మరింత ప్రసిద్ధమైనది. స్వాతంత్ర్య ప్రకటన ఇంకా వెలువడలేదు. అయినా కొత్త శాసనాలు రాయవలసిన రోజు వస్తుందని ఆమె గ్రహించింది. ఆ శాసనాలు చేసేటప్పుడు స్త్రీలను గుర్తుంచుకోమని, భర్తల చేతికి అపరిమితమైన అధికారం ఇవ్వవద్దని భర్తను కోరింది. ఆ కాలపు ఆంగ్ల న్యాయం ప్రకారం వివాహిత స్త్రీకి సొంత ఆస్తి ఉండేది కాదు. ఆమె సంపాదన కూడా భర్తకే చెందేది. జాన్ ఆ కోరికను నవ్వులాటగా తీసుకొని జవాబు రాశాడు. అబిగైల్ నొచ్చుకొని ఆ సంగతిని తన స్నేహితురాలు, రచయిత్రి అయిన మెర్సీ ఓటిస్ వారెన్‌కు తెలియజేసింది. నేడు స్త్రీల హక్కుల చరిత్రలో తప్పక పేర్కొనే ఆ లేఖ కూడా కాల్చివేయమన్న లేఖల కోవలోనిదే.

ఆ సంవత్సరం జూలైలో అబిగైల్ పిల్లలను వెంటబెట్టుకొని బోస్టన్‌కు వెళ్లింది. మశూచి రాకుండా వారికి ఆనాటి పద్ధతిలో టీకా వేయించడం ఆమె ఉద్దేశం. ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి టీకా అప్పటికి ఇంకా రాలేదు. అది 1796 నాటిది. అప్పటి పద్ధతిలో రోగి పొక్కులోని రసినే ఆరోగ్యవంతుని చర్మంలోకి ఎక్కించేవారు. తేలికపాటి మశూచి వచ్చి పోతే ప్రాణానికి రక్షణ. వికటిస్తే ప్రాణానికే ముప్పు. పిల్లల జ్వరాల మధ్యనే, జూలై 18న, బోస్టన్ పరిపాలనా భవనపు వసారా పైనుండి స్వాతంత్ర్య ప్రకటనను చదువుతుండగా ఆమె జనంలో నిలబడి విన్నది. ఒక దేశం పుట్టిన వార్త, ఒక తల్లి ఆందోళన ఒకే ఉత్తరంలో పక్కపక్కన చోటుచేసుకున్నాయి.

1777 వేసవిలో ఆమె నిండు గర్భిణి. కడుపులోని శిశువుకు ఏదో కీడు జరిగిందనే అనుమానం కలిగినప్పుడు కూడా ఆమె కలం ఆగలేదు. తన భయాన్ని భర్తకు రాసింది. జూలై 11న ఆడశిశువు నిర్జీవంగా పుట్టింది. ఆ వార్త ఫిలడెల్ఫియాకు చేరడానికి రెండు వారాలకు పైగా పట్టింది. ఈలోగా తండ్రి తనకు పుట్టబోయే బిడ్డను తలచుకుంటూ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. అదే నెల చివర అబిగైల్ రాసిన మరొక లేఖలో ఒక వింత సంఘటన ఉంది. బోస్టన్‌లో ఒక ధనిక వర్తకుడు కాఫీగింజలను దాచి, అధిక ధర చెప్పాడు. నూరుమందికి పైగా స్త్రీలు బండి తోలుకొని అతని గిడ్డంగికి వెళ్లారు. అతని వద్ద తాళపుచేతులు లాక్కొని కాఫీగింజలు తీసుకుపోయారు. మగవారు నోరు తెరుచుకొని చూస్తూ నిలబడ్డారట! యుద్ధకాలపు కరవును, సామాన్య స్త్రీల సాహసాన్ని ఇంత సజీవంగా చిత్రించిన ప్రభుత్వ పత్రం ఉండటం కష్టం.

తరువాత జాన్ ఆడమ్స్ దౌత్యకార్యంపై ఫ్రాన్స్ వెళ్లాడు. సముద్రంపై ఉత్తరాలకు భద్రత లేదు. శత్రునౌక ఎదురైతే సంచులను సముద్రంలో పారవేసేవారు. నెలల తరబడి వార్తలు లేని కాలాలు గడిచాయి. 1783లో బ్రిటన్‌తో సంధి కుదిరింది. ఆ సంధి కుదిర్చినవారిలో జాన్ ఆడమ్స్ ముఖ్యుడు. 1784లో అబిగైల్ సముద్రం దాటి ఆయనను చేరుకుంది. అనంతరం ఆయన అమెరికాకు మొదటి ఉపాధ్యక్షుడు, 1797 నుండి 1801 వరకు రెండవ అధ్యక్షుడు అయ్యాడు. కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1825లో ఆరవ అధ్యక్షుడయ్యాడు. అతడు 1779లో, తన పన్నెండవ ఏట మొదలుపెట్టిన దినచర్యను 1848లో మరణించేవరకు కొనసాగించాడు. అది 51 సంపుటాలు.

అయితే ఆనాటి ప్రముఖులందరి ఉత్తరాలూ ఇలా దక్కలేదు. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ మరణించిన తరువాత ఆయన భార్య మార్తా తమ మధ్య నడిచిన ఉత్తరాలను దాదాపు అన్నింటినీ కాల్చివేసింది. మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ చనిపోయిన తన భార్యతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను మిగలనీయలేదు. వారి నిర్ణయాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. దాంపత్యంలోని మాటలు లోకానికి చెందినవి కావని వారు భావించి ఉండవచ్చు. కాని దాని ఫలితం మాత్రం స్పష్టం. అబిగైల్ ఏమి ఆలోచించిందో లోకానికి తెలుసు. మార్తా వాషింగ్టన్ మనసు చాలావరకు మూతపడిన పుస్తకం.

కాల్చడం వల్లనే కాక, అసలు రాయకపోవడం వల్ల కూడా చరిత్రలో ఖాళీలు ఏర్పడతాయి. అబిగైల్ తండ్రి ఇంట్లో ఫీబీ అనే నల్లజాతి స్త్రీ బానిసగా ఉండేది. 1783లో యజమాని మరణించినప్పుడు ఆయన వీలునామా ప్రకారం ఆమెకు విముక్తి లభించింది. అబిగైల్ విదేశంలో ఉన్నప్పుడు ఆ కుటుంబపు ఇంటిని కనిపెట్టుకొని ఉన్నది ఫీబీయే. అబిగైల్‌ను చిన్ననాటినుండి ఎరిగిన ఆ స్త్రీ కథ తెలిసేది ఎక్కువగా ఇతరులు రాసిన మాటల వల్లనే. బానిసత్వం అన్యాయమని అబిగైల్ 1774లోనే రాసింది. 1797లో జేమ్స్ అనే నల్లజాతి పనికుర్రవాడిని ఆమె రాత్రిబడికి పంపగా, పొరుగువాడు వచ్చి అభ్యంతరం చెప్పాడు. ముఖం నల్లగా ఉన్నంతమాత్రాన చదువు నిరాకరించడం న్యాయమా అని ఆమె గట్టిగా నిలదీసింది. జేమ్స్ చదువు ఆగలేదు. ఆ సంఘటనను ఆమె భర్తకు వివరంగా రాసింది. జేమ్స్ ఆ రోజు ఏమనుకున్నాడో రాసిన కాగితం మాత్రం ఆ పత్రాలలో లేదు. కుటుంబ పత్రాలను చదివేవారు ఉన్న మాటలతోపాటు లేని మాటలను కూడా గమనించవలసి ఉంటుంది.

అబిగైల్ పత్రాలలో మరొక అపురూపమైన కాగితం ఆమె వీలునామా. భర్త జీవించి ఉండగా స్త్రీకి వీలునామా రాసే హక్కు చట్టంలో లేదు. అయినా 1816లో ఆమె తన సొమ్మును, నగలను, వస్త్రాలను ముఖ్యంగా తన మనుమరాళ్లకు, బంధువులైన స్త్రీలకు, పనిచేసిన స్త్రీలకు పంచుతూ ఒక పత్రం రాసింది. 1818 అక్టోబరులో ఆమె మరణించింది. చట్టబద్ధత లేని ఆ కాగితాన్ని జాన్ ఆడమ్స్ గౌరవించి అమలు జరిపించాడు. 40 సంవత్సరాల క్రితం నవ్వుతో తోసిపుచ్చిన కోరికకు ఆయన చివరకు ఇచ్చిన సమాధానం ఇదేనేమో అనిపిస్తుంది.

తరువాతి తరాలవారు ఆ వారసత్వాన్ని కాపాడారు. జాన్ క్విన్సీ ఆడమ్స్ తన వీలునామాలో పత్రాలకు, పుస్తకాలకు అగ్నిభయం లేని భవనం ఒకటి నిర్మించాలన్న కోరికను వెల్లడించాడు. అతని కుమారుడు చార్ల్స్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ 1870లో క్విన్సీలోని ఇంటిపక్కన రాతి గ్రంథాలయాన్ని కట్టించాడు. 1840లో అతడు తన నాయనమ్మ అబిగైల్ ఉత్తరాలను మొదటిసారి అచ్చువేయించాడు. కాని అందులో ఆమె అక్షరదోషాలను దిద్దాడు. మర్యాదగా లేవనుకున్న భాగాలను తొలగించాడు. గౌరవంతో చేసిన పనే అయినా, దానివల్ల అబిగైల్ అసలు గొంతు కొంత మరుగున పడింది.

1905లో ఆ కుటుంబీకులు పత్రాల రక్షణకు ఒక ధర్మకర్తృత్వ సంస్థను ఏర్పాటు చేశారు. చాలాకాలం బయటివారికి వాటిని చూసే అవకాశం అరుదుగా లభించేది. 1956లో ఆ పత్రాలన్నీ బోస్టన్‌లోని మసాచుసెట్స్ చారిత్రక సంఘానికి దఖలు పడ్డాయి. 1791లో స్థాపించిన ఆ సంఘం ఈ విషయంలో ఎంతో పాతది. రెండున్నర లక్షలకు పైబడిన రాతపుటలను సూక్ష్మచిత్రాలుగా తీయగా 608 చుట్టలు అయ్యాయి. ఆ పని 1959లో ముగిసింది. 1961 నుండి లైమన్ బటర్‌ఫీల్డ్ సంపాదకత్వంలో వాటి ప్రచురణ మొదలయింది. ఈసారి అక్షరదోషాలతో సహా, ఉన్నది ఉన్నట్లుగా అచ్చువేశారు. ఇప్పుడు ఆ ఉత్తరాలలో ఎన్నింటినో అంతర్జాలంలో ఎవరైనా చదవవచ్చు. కొట్టివేతలు, సిరా మరకలు, మడత గుర్తులు కూడా కనబడతాయి.

తన రాత లోకం ముందుకు తేదగినది కాదని అబిగైల్ అనుకుంది. అధ్యక్షులు చేసిన ఉపన్యాసాల పక్కన ఆమె ఉత్తరాలు నేడు సమానంగా నిలుస్తున్నాయి. గొప్ప సంఘటనలు జరిగినంతమాత్రాన చరిత్ర ఏర్పడదు. వాటిని చూసినవారు రాయాలి. రాసినదాన్ని ఎవరో ఒకరు దాచాలి. దాచినదాన్ని దిద్దకుండా మరొకరు చదవాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ కాలం మూగబోతుంది. ఇంటి అటకమీద, పాత పెట్టె అడుగున పసుపుపచ్చబారిన కాగితాల కట్ట కనిపించినప్పుడు దాన్ని చిత్తుకాగితాలవాడికి ఇచ్చే ముందు ఒకసారి విప్పి చదవడం మంచిది. అందులో ఒక అవ్వ బియ్యం ధర రాసి ఉండవచ్చు. ఒక తాత జ్వరాన్ని గురించి రాసి ఉండవచ్చు. రాసినవారికి అది సామాన్యమైన విషయమే. వందేళ్ల తరువాత చదివేవారికి అదే చరిత్ర.